గురువారం పోసిన క్యూబులు

2005లో గల్ఫ్‌లో, అల్ ఐన్ శివార్లలో, కాంక్రీటు గోడలూ దూలాలూ ముందే పోసి పంపే ఒక ప్రీకాస్ట్ యార్డులో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పోసిన ప్రతి కాంక్రీటులోంచీ కొంచెం తీసి ఇనప అచ్చుల్లో క్యూబులు పోస్తాం. మర్నాడు అచ్చు విప్పి క్యూరింగ్ ట్యాంకులో, అంటే నీళ్ళతొట్టిలో వేస్తాం. ఇరవై ఎనిమిదో రోజున మిషన్లో పెట్టి నలగ్గొట్టి బలం చూస్తాం.

ఆ వేసవిలో కొన్ని క్యూబులు ఫెయిల్ కాసాగాయి. అవి పోసేది లింగయ్య. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. మా ముదీర్, అంటే మేనేజరు, రిపోర్టు చూసి, "బుడ్ఢా హో గయా. వీసా క్యాన్సిల్ కరో, ఖలాస్" అన్నాడు. ఆ వయసులో పంపించేస్తే మళ్ళీ ఎవరూ పిలవరు. రెండు రోజులు గడువడిగాను.

అంతకుముందు మాకు రూట్ కాజ్ అనాలిసిస్ అని ఒక ట్రైనింగ్ ఇచ్చారు. తప్పెవరిదని కాక, ఎందుకు జరిగిందని అడుగుతూ మూలం దాకా వెళ్ళాలట. ఆరోజు బిర్యానీ కోసం కూర్చున్నానే గానీ చెవిన పెట్టలేదు. ఇప్పుడు బుద్ధిగా గళ్ళు గీసి తేదీ, మిక్సరు, సిమెంటు, ఫలితం రాశాను. ఫెయిలైనవన్నీ గురువారం పోసినవే. లోపం లింగయ్య చేతిలో ఉంటే మిగతా రోజుల్లో ఎందుకు లేదు? శుక్రవారం సెలవు. అచ్చు విప్పేవాళ్ళు లేక అవి ఎండకు మాడుతున్నాయి.

మరి నేను చేరిన ఈ మూడేళ్ళూ గురువారం క్యూబులు ఎలా పాసయ్యాయి? లింగయ్యనే అడిగాను.

"నేనే అచ్చి నీళ్లల్ల ఏస్తుంటి సార్. మేముండే క్యాంపు దగ్గర్నే గద."

"సెలవునాడు కూడా వచ్చా? ఎవరు చెప్పినారన్నా నీకు?"

"ఎవ్వలు చెప్తరు? ఎండకు పాడైతయని అచ్చేటోన్ని."

"మరి ఇప్పుడెందుకు మానుకున్నావు?"

ఆయన తల దించుకున్నాడు. "మా రూముల మల్లేశం దవాఖానల పడ్డడు. సుక్రారం ఒక్కనాడే నాకు తీరుతది. పోయి ఇంత గంజి తాగిపిచ్చి అస్తున్న. ఆయనకు ఈడ ఎవ్వలున్నరు సార్? క్యూబులు శనివారం పొద్దుగాల్నే ఏస్తున్న."

నాకు చాలా సిగ్గేసింది. మూడేళ్ళుగా శనివారం వచ్చి తొట్టి చూస్తున్నాను. క్యూబులు వాటంతటవే నీళ్ళలోకి నడిచెళ్ళాయనుకున్నానేమో!

రిపోర్టులో కారణం దగ్గర, "శుక్రవారం డ్యూటీ ఎవరికీ వేయలేదు" అని రాశాను. ముదీర్ రెండుసార్లు చదివి, క్యాన్సిలేషన్ కాగితం చించేశాడు. "డ్యూటీ కిస్‌కో?" అన్నాడు. నా పేరు రాసిచ్చాను. అప్పట్నుంచి శుక్రవారం నాకు ముందు ట్యాంకు, తర్వాతే జుమ్మా నమాజు.

తప్పు ఎందుకు జరిగిందని అందరం అడుగుతాం. ఇన్నాళ్ళూ ఎందుకు జరగలేదని కూడా అడగాలి. అక్కడ ఎవరో ఒకరు, మనకు చెప్పకుండా, మన పని చేస్తూ ఉంటారు.