పేరు పెట్టి పిలవని కొడుకు

మా బావమరిది ఇక లేడన్న కబురు నాకు ఫోనులో చేరింది. వినుకొండ బస్టాండులో నరసరావుపేట బస్సు కోసం ఎదురుచూస్తూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. పనిముట్ల సంచి ఒళ్లోనే ఉందట. గుండె ఆగిందన్నారు. నాకన్నా ఎంతో చిన్నవాడు. నా పెళ్లిపందిట్లో నా చిటికెనవేలు పట్టుకుని తిరిగినవాడు. అతనికి నేను తిలోదకాలు విడిచే వరుస ఏ శాస్త్రంలోనూ సవ్యంగా కనబడదు.

అతని పని చాలామందికి తెలియనిది. కోల్డు స్టోరేజీల్లో, జిన్నింగు మిల్లుల్లో కరెంటు మీటర్లు చూపే అంకెలను కంప్యూటరులోకి రప్పించే సాఫ్ట్‌వేరు అమర్చేవాడు. మా పల్నాటి మిరప కల్లంలో ఎండిన తరువాత మంచి ధర వచ్చేదాకా కోల్డు స్టోరేజీలోనే ఉంటుంది. చల్లదనం తప్పితే కాయ రంగు చెడుతుంది, బూజు పడుతుంది. అందుకని ఏ యంత్రం ఎంత కరెంటు తీసుకుంటున్నదో, ఏ ఫేజు పడిపోయిందో ఎప్పటికప్పుడు తెలియాలి. ఆ తెలివిడి కోసమే అతను ఊరూరా తిరిగాడు.

తీగ బిగించాక రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూసేవాడు. మా ఇంటికి వచ్చినా అంతే, వెళ్తూ వెళ్తూ తలుపు గొళ్లెం లాగి చూసేవాడు. మా ఆవిడ నవ్వేది: "తమ్ముడూ, అదేం ఊడి రాదులేరా!"

శాస్త్రపాఠాలు చెప్పుకునే నేను, ఈ సాఫ్ట్‌వేరు సంగతేమిటని ఒకసారి అడిగాను.

"మీటర్లన్నీ ఒకే తీగ మీద ఉంటయి బావా. ఒక్కోదానికి ఒక్కో నంబరు. కంప్యూటరు నంబరు పెట్టి పిలుస్తది. ఎవర్ని పిలిస్తే వాడే పలకాల. మిగతావాళ్లు నోరు మూసుకుని ఇనాల."

"ఆవాహన అన్నమాట. ఏ దేవతను పిలిస్తే ఆ దేవతే రావాలి."

"నువ్వు దేన్నైనా యజ్ఞంలోకే లాగుతావు. కాసేపుంటే నెయ్యి పొయ్యమంటావు, షార్టయి చస్తాం."

ఇక్కడ వారి ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అతనికి తాతగారి పేరు పెట్టారు. కోడలు మామగారి పేరు నోట పలకకూడదన్నది మా అత్తగారి తరం పట్టింపు. అందుచేత కన్నకొడుకును ఆమె ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, "అబ్బాయ్" అనేది. భార్యకు అతను "ఏమండీ", అక్కకు "తమ్ముడూ", నాకు "బావమరిదీ". బడిలో, బ్యాంకులో ఉన్న పేరు ఇంటి గడప లోపల లేకుండా పోయింది. ఒకసారి ఆసుపత్రిలో చీటీ రాసే ఆమె కొడుకు పేరు అడిగితే, మా అత్తగారు "మా మామగారి పేరేనమ్మా" అన్నదట. "మీ మామగారి పేరేంది?" అంటే, "మా అబ్బాయి పేరే" అన్నదట. ఆ కథను అతనే పదిమందిలో అభినయించి చెప్పేవాడు.

శావల్యాపురం దారిలోని ఒక కోల్డు స్టోరేజీ షావుకారు ఒకనాడు ఫోనులో మండిపడ్డాడు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను.

"ఏందయ్యా నీ సాఫ్ట్‌వేరు? ఆగిన మిషను నడుస్తా ఉందంటది, నడిచేది ఆగిందంటది. దెయ్యం పట్టిందా ఏంది?"

అతను మీటర్ల ముందు నిలబడి ఒక్కొక్కటే మీటలు నొక్కి చూశాడు. కాలిపోయిన మీటరు తీసి అక్కడి ఎలక్ట్రీషియను కొత్తది బిగించాడు గానీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నంబరును అలాగే ఉంచేశాడు. ఆ నంబరు అప్పటికే మొదటి మీటరుకు ఉంది.

"దెయ్యం కాదు షావుకారుగారూ, మా ఇంటి జబ్బే. ఇద్దరికీ ఒకటే పేరు. పిలిస్తే ఇద్దరూ ఒక్కసారే అరుస్తన్నారు, కంప్యూటరుకు ఒక్క ముక్కా తెలవట్లా."

"మరి మీ ఇంట్లో ఏం చేశారయ్యా?"

"మా అమ్మ ఇద్దర్నీ పిలవటం మానేసింది."

అందరం నవ్వాము. కొత్త మీటరుకు వేరే నంబరు పెట్టాడు, అంకెలు కుదుటపడ్డాయి. తిరుగు బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి అన్నాడు: "అమ్మ నోట నా పేరు ఎట్టా ఉంటదో ఒక్కసారి ఇనాలని ఉంది బావా. నువ్వు చెప్పి చూడు. శాస్త్రం ఒప్పుకుంటదని చెప్పు."

ఆ సాయంత్రమే చెప్పాను. బిడ్డను పిలిచేటప్పుడు మనసు బిడ్డ మీదనే ఉంటుంది గనుక దోషం లేదని నాకు తోచిన ప్రమాణమూ చెప్పాను. మా అత్తగారు చీర కొంగు సర్దుకుని నవ్వింది. "ఇన్నేళ్లు రాని పేరు ఇప్పుడేడ వస్తది అల్లుడుగారూ! నోరు తిరగదు." అతను గుమ్మం అవతల నిలబడి విన్నాడని మాకు తరువాత తెలిసింది.

మరొక మాట అతనిది నన్ను వదలడం లేదు. మూడుసార్లు పిలిచినా మీటరు పలకకపోతే సాఫ్ట్‌వేరు "జవాబు లేదు" అని ఎర్రగా చూపించి ఊరుకుంటుంది. అతను అలా ఊరుకోనివ్వలేదు. వరుస తిరిగి వచ్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ పిలిచేటట్టు అమర్చాడు. ఎందుకని అడిగితే, "మూడుసార్లు పిలిచి వదిలెయ్యటానికి అదేమన్నా పాడె మీద ఉందా బావా? వైరు లూజై ఉంటది. పలకనోణ్ణి తిట్టమాక, ముందు నీ తీగ చూసుకో" అన్నాడు. ముసలితనంలో నాకు కొంత ఓర్పు అబ్బిందంటే అది ఆ మాట చలవే.

అతన్ని తీసుకువెళ్లే వేళ, దింపుడు కళ్లం సంగతి తలచి మా అత్తగారు గడపలో నా చెయ్యి పట్టుకుంది. శ్మశానం దారిలో పాడెను నేలకు దించి, ప్రాణం ఇంకా ఉందేమోనన్న ఆశతో చెవిలో మూడు మార్లు పిలుస్తాము. ఆడవాళ్లు అక్కడికి రారు.

"నన్ను రావద్దంటన్నారు అల్లుడుగారూ. నా బదులు మీరు పిలవండి. పేరు పెట్టి పిలవండి."

అతని కొడుకు "నాన్నా" అని పిలిచాక నేను వంగాను. ఆ పేరు నా నోటికీ కొత్తదే. పిలిచాను, ఆగాను, మళ్లీ పిలిచాను, మళ్లీ ఆగాను. ఆ ఆగడంలో ఎంతటి శూన్యం ఉంటుందో ఏ కావ్యమూ నాకు ముందుగా చెప్పలేదు. మూడో పిలుపు తరువాత ఎవరో పాడె ఎత్తమన్నారు.

స్నానం చేసి తిరిగి వచ్చేసరికి ఆమె అదే గడపలో ఉంది.

"పలికాడా?"

"లేదత్తయ్యా."

"గట్టిగా పిలిచారా?"

"గట్టిగానే పిలిచాను."

"మీ గొంతు కాదుగా వాడు ఇనాలనుకుంది."

కర్మలు జరిగిన రోజుల్లో పురోహితుడు పిండం దగ్గర, తిలోదకం దగ్గర నామగోత్రాలు చెప్పి అతన్ని పిలుస్తూనే ఉన్నాడు. బతికినన్నాళ్లూ ఇంట్లో వినబడని పేరు ఆ రోజుల్లో వసారా అంతా మోగింది. పక్కగదిలో మా అత్తగారి పెదవులు కదలడం, మధ్యలో ఆగిపోవడం నేను చూశాను.

పెద్దకర్మ అయిన తరువాత ఆమె నన్ను ఒకటే కోరింది. "వాడు పని చేసిన చోటు చూపించండి." మధ్యాహ్నం కారులో ఆ శావల్యాపురం దారి కోల్డు స్టోరేజీకే తీసుకువెళ్లాను. ఆపరేటరు కుర్చీ వేసి తెర చూపించాడు. పచ్చని వరుసల మధ్య ఒకటి ఎర్రగా ఉంది.

"అదేంది నాయనా?"

"అవతలి చాంబరు మీటరు మామ్మా. కాయ ఖాళీ అయింది, కరెంటు తీసేశాం. సార్ పెట్టినట్టే ఇది పిలుస్తా ఉంది. ఇయ్యాల ఆపేద్దామనుకుంటన్నా."

"ఆపమాక. దాని మానాన దాన్ని పిలవనియ్యి."

తరువాత లోపలి గది చూస్తానన్నది. వద్దన్నా వినలేదు. ఆపరేటరు బరువైన తలుపు తెరిచాడు. కప్పు దాకా మిరప బస్తాలు, నడుమ సన్నని దారి, ఎముకలు కొరికే చలి, గొంతు పట్టే ఘాటు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వేసి నిలబడింది. మెల్లగా కొంగు తీసింది.

పిలిచింది. అన్నం చల్లారిపోతున్నదని పెరట్లో ఉన్న పిల్లవాణ్ణి పిలిచినట్టు, తాతగారి పేరును, కొడుకు పేరును, నిండుగా, ఒక్క అక్షరం తడబడకుండా పిలిచింది. బస్తాలు ఆ గొంతును మింగేశాయి, ప్రతిధ్వని రాలేదు. ఆమె చెవి ఒగ్గి నిలబడింది. శబ్దం ఆకాశానికి గుణమనీ, కంటికి అందదనీ నేను జీవితమంతా పాఠం చెప్పాను. కానీ ఆ చలిలో ఆ పేరు ఆమె నోటి నుండి తెల్లని ఆవిరిగా వెలువడి, ముఖం ముందు కొంచెంసేపు నిలిచి, బస్తాల మధ్య దారివెంట ఎవరో లోపలికి నడిచి వెళ్తున్నట్టు మెల్లగా సాగి, కనబడకుండా పోయింది.