పులివెందుల పెద్దమ్మా, డైనోసార్ల యాత్రా

మీసం సరిగా మొలవని వయసులో ప్రతి మగపిల్లాడికీ లోకమంతా తన మాట కోసమే కాచుకొని ఉన్నట్టు అనిపిస్తుంది. నాకైతే అది అనిపించడం కాదు, రూఢిగా తెలుసు. డిగ్రీ ముగించి ప్రొద్దుటూరులో మా మేనమామ ఇంట్లో తిని కూర్చున్న ఆ కాలంలో నేను నోరు తెరిస్తే గోడమీది బల్లి నోటిదాకా వచ్చిన పురుగును వదిలేసి వినేది. (ఈ బల్లి సంగతి మా అత్త ఒప్పుకోదు. ఆమె ఒప్పుకోని సంగతులు ఇంకా చాలా ఉన్నాయి.) అప్పుడే మామ ఒక కొత్త వ్యాను కొన్నాడు. కొత్తదంటే ఆయనకు కొత్తది. అంతకుముందు అది ఎన్ని ఊళ్ళు చూసిందో దానికే తెలియాలి. దాంట్లో జనాన్ని ఎక్కించుకొని ఒక్కరోజులో మన ప్రాంతమంతా చూపిద్దామని సలహా ఇచ్చింది నేనే. పులివెందుల చుట్టుపక్కల రాళ్ళు డైనోసార్ల కంటే పాతవని కాలేజీలో మా లెక్చరరు చెప్పిన ముక్క నా చెవిలో మిగిలి ఉంది. వ్యాను నెత్తిన ‘డైనోసార్ల కంటే పాత రాళ్ళు చూడండి’ అని రాయించబోతే, చోటు చాలదన్నాడు బోర్డులు రాసే ఆయన. సరే, మధ్యలో ‘కంటే పాత’ తీసేయమన్నాను. ఆ చిన్న కత్తిరింపు ఎంత పని చేస్తుందో అప్పటికి నాకు తోచలేదు.

మొదటి ట్రిప్పుకే వ్యాను నిండింది. కృష్ణా జిల్లా నుంచి ఒక రిటైరైన సైన్సు మాస్టారు, ఆయన బలగం మొత్తం వచ్చారు. మాస్టారి టోపీ ఎంత పెద్దదంటే దాని నీడలో ఇద్దరు పిల్లలు పడుకోవచ్చు. ఆయన వదినగారు మాత్రం కిటికీలోంచి రాయి కనబడినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడిచేవారు. మా దారిలో రాయి కనబడని చోటు లేదు కాబట్టి ఆవిడకు ఊపిరి పీల్చుకోవడానికే తీరిక దొరకలేదు. బయలుదేరే ముందు మామ నన్ను పక్కకు పిలిచి, స్టీరింగు తుడిచే గుడ్డతోనే తన చెమట కూడా తుడుచుకుంటూ, “అల్లుడూ, ఈ ఒక్క ట్రిప్పు జూస్తా. వచ్చినోళ్ళు మొగం మాడ్చుకోని పోయినారంటే వ్యాన్లో అరటిగెలలు ఎక్కిస్తా, నిన్ను మీ పెద్దమ్మ తోటకాడికి చీనీకాయలు ఏరను పంపిస్తా” అన్నాడు. ఎండలో వంగి చీనీకాయలు, అదే బత్తాయిలు, ఏరడమంటే ఏమిటో చిన్నప్పటి సెలవుల్లోనే నా నడుముకు బాగా తెలుసు. ఆ రోజు నా నోరు పనిచేసినంత జోరుగా వ్యాను ఇంజను కూడా పనిచేయలేదు.

జమ్మలమడుగు దాటి గండికోట చేరేసరికి ఎండ ముదిరింది. అప్పటికి గండికోటకు ఇప్పుడున్నంత పేరు లేదు. ఫొటోల కోసం కొండ అంచున వేలాడే వాళ్ళూ లేరు. ఎర్రటి రాళ్ళను పలకలు పలకలుగా ఎవరో తీరుబడిగా పేర్చి, నడిమధ్య పెన్నను వదిలినట్టుండే ఆ లోయ ముందు అందరినీ నిలబెట్టాను. “మా నదండీ ఇది. కొండ అడ్డమొస్తే చుట్టూ తిరిగి పోదు. కోసుకొని పోతుంది” అన్నాను. వదినగారి నిట్టూర్పు మొదటిసారి సగంలో ఆగింది. నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించడం మొదలుపెట్టింది. మాస్టారు లోయను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసి, టోపీ సర్దుకొని, “బావుంది బాబూ, చాలా బావుంది. డైనోసార్ ఎక్కడండీ?” అని అడిగారు.

డైనోసార్ పులివెందుల దగ్గరుందని చెప్పాను. అబద్ధం కాదు, అక్కడ నా ఏర్పాట్లు నాకున్నాయి. మా పెద్దమ్మ చీనీతోట గట్టుమీద ఒక పెద్ద రాయి ఉండేది. దానిమీద గుండ్రంగా, ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు, క్యాబేజీని అడ్డంగా కోసినట్టు. లెక్చరరు చెప్పిన పురాతనపు గుర్తులు అవే. ముందురోజే చీనీ లారీ డ్రైవరుతో పెద్దమ్మకు కబురంపాను: పెద్దపెద్దవాళ్ళు రాయిని చూడటానికి వస్తున్నారు, కొంచెం శుభ్రం చేసి ఉంచు అని. ముద్దనూరు మీదుగా పోతూ దారి పొడవునా ఆ రాయిని ఎంత పొగిడానంటే, వ్యాను తోట దగ్గర ఆగేసరికి మాస్టారు జేబులోంచి భూతద్దం తీసి సిద్ధంగా పట్టుకున్నారు.

గట్టుమీద రాయి ఉంది. కాకపోతే అది తెల్లగా ఉంది. చిక్కగా సున్నం కొట్టి, దానిమీద ఎర్రమన్ను పట్టీలు తీసి, పసుపు కుంకుమలు పెట్టి, కనకాంబరాల దండ వేసి ఉంది. వలయం కాదుగదా, వలయం నీడ కూడా కనబడలేదు. మా వైపు దేన్నయినా గౌరవించాలంటే ముందు దానికి సున్నం కొట్టాలి; ఆ ముక్క మరిచింది నేనే. పెద్దమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ సంబరంగా ఎదురొచ్చింది.

“పెద్దోళ్ళు వస్తాండారంటివి గదా నాయనా. ఉత్త రాయిని ఎట్ల జూపిచ్చేది? రెండు పూతలు కొట్టినా.”

మామ నా వైపు చూడలేదు. చెట్లకింద పోసిన చీనీకాయల కుప్ప వైపు చూశాడు. నేను భుజంమీది తువ్వాలు తడిపి రాయిని రుద్దబోయేంతలో వదినగారు చెప్పులు విడిచి, దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, దండం పెట్టేశారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని, మొక్కినాక అది దేవుడేనని, దానిమీద ఇంక చెయ్యి వేయొద్దని గట్టిగా చెప్పింది. అంతదూరం తీసుకొచ్చిన అతిథులకు నేను చూపించగలిగింది ఇప్పుడొక కొత్త గ్రామదేవతను మాత్రమే. నా నోరు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూతపడింది.

“రాళ్ళకేమిరా కరువు మనకు, అట్ల మొగం పెట్టినావు? రమ్మను, మజ్జిగ తాగుతారు” అని పెద్దమ్మ అందరినీ ఇంటికాడికి నడిపించింది. మాస్టారు బోరు పక్కన కాళ్ళు కడుక్కుందామని భూతద్దాన్ని బట్టలుతికే బండమీద పెట్టారు. పెట్టినవారు మళ్ళీ తీసుకోలేదు. అద్దంలోకి చూస్తూ అట్లాగే మోకాళ్ళమీద కూలబడ్డారు. సబ్బునురగ కింద వలయాలు. గబగబా ఇంటి మెట్ల దగ్గరికి పోయారు, వలయాలు. ఎనుములు నీళ్ళు తాగే తొట్టి అంచున వలయాలు. టోపీ ఊడి బురదలో పడినా చూసుకోలేదు.

నా నోరు తిరిగొచ్చింది. ఒకప్పుడు ఇక్కడంతా లోతులేని సముద్రమని, చేపా చెట్టూ పుట్టని ఆ కాలంలో నీళ్ళలో పెరిగింది ఉత్త పాచేనని, అది పొరమీద పొరగా పేరుకొని రాయైందని, డైనోసార్ గుడ్డులోంచి బయటికొచ్చేనాటికే మా రాళ్ళకు ముసలితనం వచ్చేసిందని దంచేశాను. మాస్టారు తలూపుతూ, వీటి ముందు డైనోసార్ నిన్నగాక మొన్న పుట్టిన పసిగుడ్డని తన బలగానికి చెప్పారు. పెద్దమ్మ మజ్జిగ చెంబు పట్టుకొని అంతా విని, “దినామూ ఈ బండమీది పాచి గీకి గీకి సస్తాండా. ఇప్పుడు బండే పాచంటాండారే” అంది.

“అమ్మా, ఇలాంటిది దొరకదు. ఇకనుంచి దీనిమీద బట్టలుతక్కండి” అని మాస్టారు చేతులు జోడించారు.

“మరి నువ్వొచ్చి ఉతికిపోతావాప్పా?”

ఆయన నవ్విన నవ్వుకు చీనీచెట్లమీది పిట్టలన్నీ లేచిపోయాయి. (ఇందులో ఒక్క పిట్టను కూడా నేను కలపలేదు.) సాయంత్రం గండి క్షేత్రంలో ఆంజనేయస్వామిని చూసుకొని పాపఘ్ని ఏట్లో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నప్పుడు వదినగారు, తమ వైపు ఎంత తవ్వినా మట్టేగానీ ఇలాంటి రాయి ఒక్కటీ రాదని నాతో అన్నారు. ఆ మాట ఇప్పటికీ ఎండాకాలం మజ్జిగలా నా లోపల చల్లగా ఉంది. ఇంటికొచ్చాక మామ వ్యాను తాళాలు మేకుకు తగిలిస్తూ, పైవారం ఖాజీపేటవాళ్ళు యాత్రకు వస్తారట, తయారుగా ఉండమని మాత్రం అన్నాడు.

ఆ వ్యాను ఏనాడో పాత ఇనుములో కలిసిపోయింది. నేనూ గైడు పని మాని ఏవో ఉద్యోగాలు చేసి, పొట్ట పెంచి, జుట్టు తగ్గించాను. మొన్న బస్సులో ముద్దనూరుకు పోతుంటే ముందు సీట్లో ఒక కొత్త జంట, ఈ రాళ్ళు ఎర్రగా ఎందుకున్నాయబ్బా అని ఒకరినొకరు అడుగుతున్నారు. నేను కొంచెం ముందుకు వంగి, “అదొక పెద్ద కథమ్మా” అని మొదలుపెట్టాను. దిగాల్సిన ముద్దనూరు ఎప్పుడు వెనక్కి పోయిందో తెలియదు. ఆ జంటతోపాటే జమ్మలమడుగులో దిగి, తిరుగుబస్సు కోసం ఎండలో నిలబడి, ఈ మనిషికి ఎప్పుడు బుద్ధొస్తుందా అని నాలో నేనే నవ్వుకున్నాను. పెన్న పుట్టుక ఇంకా చెప్పనేలేదు. వాళ్ళు గండికోటకు ఏ ఆటోలో పోయారో అడిగి కనుక్కున్నాను.