మెయిన్ బాక్సుకు తాళం

లక్ష్మీనగర్‌లో మా ఓనర్ అంకుల్ ఏ తాళం వేసినా మూడుసార్లు గుంజి చూసేవాడు. ప్రమాదమొస్తే కరెంటు ఆపడానికని ఎలక్ట్రీషియన్ బయటి గోడకు మెయిన్ స్విచ్ బాక్సు బిగించి అటు వెళ్లాడో లేదో, అంకుల్ దానికీ తాళం వేశాడు. "మీరు స్టూడెంట్లు, ఏదో ఒకటి నొక్కేస్తారు బేటా!"

మేలో ఒక మధ్యాహ్నం కూలర్‌లో నీళ్లు పోస్తున్న నా రూమ్మేట్ షాక్ కొట్టి దానికే అతుక్కుపోయాడు. నేను బాక్సు దగ్గరికి పరుగెత్తి అరిచాను. అంకుల్ వచ్చి గుత్తిలోని ఒక్కో తాళంచెవీ పెట్టి చూస్తూ, "ఏక్ మినట్, బేటా" అన్నాడు. నేను ఇటుకతో తాళం పగలగొట్టి స్విచ్ దించాను. రూమ్మేట్ బతికాడు, అరచెయ్యి కాలింది.

అంకుల్ వాడి వైపు చూడనేలేదు. పగిలిన తాళం ఏరుకుని, "కొత్తది, పాడు చేశావే" అన్నాడు. ఛీ, ఏం మనిషి! సాయంత్రానికల్లా ఇంకా పెద్ద తాళం తెచ్చి వేసి, మూడుసార్లు గుంజి చూశాడు.