గళ్ళ చీర, గల్ల చీర

శ్రావణ మాసం, తొలి గురువారం సాయంత్రం. గుణదలలో మా ఇంటి ముందు గది. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, ఫోను పట్టుకున్న మా అబ్బాయి, రింగ్ లైటు ముందు కూర్చున్న కోడలు. ఉయ్యూరు నుంచి తన ఫోనులో చూస్తున్న మా అక్కయ్యకు కూడా డైరీలో హాజరు వేశాను.

కోడలు ఫోనులో లైవ్ పెట్టి చీరలు అమ్ముతుంది. అవి ఆమె పుట్టింటి మగ్గాల మీద నేసినవి. వాళ్ళ నాన్న ఆషాఢమంతా కూర్చుని శ్రావణం కోసమే నేశారు. మర్నాడు కాక ఆపై శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. అది దాటితే మిగిలిన చీరలు షావుకారు చెప్పిన ధరకే ఇచ్చుకోవాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పొట్లాలు కట్టి చిరునామాలు రాసేది నేనే.

నా బాధల్లా ఆమె ఉచ్చారణ. వంటింట్లో 'నీళ్ళు కాగాయండీ' అనే పిల్ల, లైటు వెలగగానే 'గల్ల చీర', 'మంచి నాన్యత', 'పెల్లిల్లకి' అంటుంది. ప్రతి మాట చివరా ఓ సాగదీత. గళ్ళ చీరలు నేసే ఇంట పుట్టి ఆ మాట అలా పలకడమేమిటని నాకు ఒళ్ళు మండేది. ఉద్యోగమంతా చేనేత సహకార సంఘంలో చేశాను. నేతవాళ్ళలో ఒక్కరి నోటా అలా వినలేదు.

అడిగితే దాచలేదు. పెళ్ళికి ముందు ఆమె పనిచేసిన చీరల షాపులో, ఇంటి యాస మానేసి టీవీలో అమ్మాయిల్లా మాట్లాడమనేవారట. లైవ్ మొదలుపెట్టిన కొత్తలో ఇంట్లో మాటే మాట్లాడితే, 'ఈ ఆంటీ చీరలు కూడా పాతకాలంవేనేమో' అని హైదరాబాదు నుంచి ఒకావిడ కింద రాసిందట. అది విన్నాక నాకు చిరాకు ఇంకా పెరిగింది. ఎవరి మీద చూపించను? ఆ షాపు యజమాని దొరకడు, ఆ హైదరాబాదు ఆవిడా దొరకదు. దొరికింది కోడలు.

అందుకే ఆ గురువారం, ఈ ఒక్క సాయంత్రం మన మాట మాట్లాడమన్నాను. లేకపోతే పొట్లాలు కట్టనన్నాను. ఇప్పుడా మీకు గుర్తొచ్చింది అని నా భార్య విసుక్కుంది. కోడలు మాత్రం సరేనంది.

అన్నట్టే 'గళ్ళ చీర' అంది. అంటూ నా వైపు చూసింది. 'నాణ్యత' దగ్గర ఆగి, కూడబలుక్కుని పలికింది. వంటింట్లో దొర్లినట్టు దొర్లలేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఉంది. 'అక్కా, ఒంట్లో బాలేదా' అని లైవ్ కింద ఎవరో రాశారు. చూసేవాళ్ళు తగ్గిపోతున్నారని అబ్బాయి గొణిగాడు. విప్పిన చీర విప్పినట్టే ఉంది.

అంతలో నా ఫోను మోగింది. అక్కయ్య.

"ఏరా, ఆ పిల్లనేమన్నా అన్నావా? ఏడుపు దిగమింగుకుని మాట్లాడుతున్నట్టుంది."

"ఏమీ అన్లేదక్కా. సరిగ్గా పలకమన్నానంతే."

"ముందు నువ్వక్కణ్ణించి లెగు. ఆ చీర తీసుకుందామనుకున్నా, దాని మొహం చూశాక అడగబుద్ధి కాలేదు. లోపలికి పోయి కాసిని నీల్లు తాగు."

నీల్లు! నేనూ అక్కయ్యా ఒకే అమ్మ దగ్గర మాటలు నేర్చుకున్నవాళ్ళం. సాయంత్రాలు సీరియళ్ళు చూస్తుందని తెలుసు గానీ, నాలుక కూడా వాటికి అప్పగించిందని తెలియదు. ఫోను పెట్టేశాను.

లైవ్ ముందుగానే ఆపేశారు. చీరలు దాదాపు అన్నీ తిరిగి సంచుల్లోకి వెళ్ళాయి. కోడలు నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. నేను అడిగినదాంట్లో తప్పేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

మర్నాడు శుక్రవారం పొద్దున కోడలు కాఫీ ఇస్తూ నిలబడింది.

"మళ్ళీ లైవ్ పెడుతున్నామండీ, మావయ్యగారూ. మీరు కాస్త వరండాలో కూర్చుంటారా? మీరెదురుగా ఉంటే నాకు నోరు తిరగట్లేదండీ."

ఆ 'మళ్ళీ' మా అమ్మ పలికినట్టే పలికింది.

కత్తెర, టేపు, కవర్లు తీసుకుని వరండాలోకి వచ్చాను. వెనక తలుపు వేశారు. కాసేపటికి 'హాయ్ ఫ్రెండ్స్, ఈ రోజు గల్ల చీరలు' అని లోపల్నించి గలగలా వినిపించింది. కుర్చీ వీధి వైపు తిప్పుకున్నాను. నా భార్య వచ్చి ఒక చిరునామా చేతిలో పెట్టి వెళ్ళింది. అది రాయడం పూర్తికాకముందే ఇంకోటి తెచ్చింది. ఆ రెండోది ఉయ్యూరు, అక్కయ్య పేరు మీద.