నడుమెత్తు బల్లలు

ఫొటోలో వెనకాల అంత పెద్ద షెడ్డు ఉంటే నువ్వు ఎండలో కూర్చున్నావేం అమ్మమ్మా అని నిన్న వీడియో కాల్లో అడిగారు కదా. ఆ షెడ్డు మాదే నాన్నా. జాలరిపేట ఆడవాళ్లు చేపలు కోసి అమ్ముకోవడానికని ఒక పరాయి దేశం మన దేశంతో మాట్లాడుకుని కట్టించింది. గుమ్మం మీద రెండు జెండాలూ పక్కపక్కనే ఉంటాయి. లోపల నీడ, కుళాయి, తళతళలాడే స్టీలు బల్లలు. మేం కూర్చోవడానికే చోటు లేదు.

మీ నాన్న పడవ పనికి గుజరాత్‌లో వెరావల్ చేరాక పుట్టారు మీరు. మా పని చూడలేదు. మేం నేలమీద కూర్చుని, కత్తిపీటను ఒక కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా చేపను కత్తికి ఆనించి కోస్తాం. ఎంత పెద్ద కోనెం చేప అయినా అలాగే. నిలబడి చాకుతో కోయడం మాలో ఎవరికీ రాదు.

తప్పు నాతోనే మొదలైంది, దాచను. ఆ దేశం వాళ్లు మా పని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అప్పుడు మా చేపలమ్మే ఆడవాళ్ల సంఘానికి నేనే పెద్దని. పొద్దున్నే అందరినీ హడావిడి చేశాను.

"ఒలే, కత్తిపీటలన్నీ లోపలెట్టీయండి. నెత్తురు మీద నీల్లొయ్యండి. పెద్దోల్లొత్తే కూకుంటారేటి, మరేద లేకుండా? అందరూ లెగిసి నిలబడాల."

"నిలబడి ఏటి సేత్తాం అప్పా? డేన్సా?" అంది మా వరసలో చివర కూర్చునే మనిషి.

ఉతికిన చీరల్లో, చేతులు కట్టుకుని గంటసేపు నిలబడ్డాం. ఒక్క చేప కూడా కోయలేదు. వచ్చిన దొరసాని ఒకామె టేపు తీసి, నేల నుంచి నా నడుం దాకా కొలిచి రాసుకుంది.

"అప్పకి లంగా కుట్టిత్తారు కావాల," అని వెనక నుంచి ఒకటే నవ్వులు. ఏం అర్థమైందో, ఆమె కూడా నవ్వింది.

ఆ కొలతకే బల్లలు వచ్చాయి. నేలకు బోల్టులు బిగించారు. మధ్యలో మనిషి నడిచే సందు తప్ప ఏమీ మిగల్లేదు. మాలో ఒకామె కత్తిపీటతో సహా బల్లెక్కి కూర్చుంది. కాలు జారితే చేప బదులు తనే తెగేది. షెడ్డు ఇచ్చాం కదా అని, ఇదివరకు మేం అమ్ముకునే రోడ్డు పక్కన మత్స్యశాఖ ఆఫీసువాళ్లు కూర్చోనివ్వడం మానేశారు. చివరికి షెడ్డు వెనక ఇసుకలోకి చేరాం. అక్కడికి కొనేవాళ్లు రారు. మధ్యాహ్నానికి చేప మెత్తబడిపోతుంది.

బల్లల కాళ్లు జానెడు ఉంచి కోయించండి, పైన కూర్చుని కోసుకుంటాం అని ఆఫీసుకు వెళ్లి అడిగాను.

"అది వాళ్లిచ్చిన ఆస్తమ్మా. వాళ్లు రాసిస్తే తప్ప బోల్టు కూడా కదపకూడదు," అన్నాడు ఆఫీసరు.

మరుసటేడు వాళ్లు మళ్లీ వచ్చారు, షెడ్డు ఎలా నడుస్తోందో చూడటానికి. ఆఫీసువాళ్లు తెచ్చిన కొత్త చాకులు మా చేతుల్లో పెట్టి, బల్లల వెనక నిలబెట్టి ఫొటోలు తీయించారు. ఫొటో అవ్వగానే నేను చాకు పక్కన పెట్టి దొరసాని కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాను. కాలు మడిచి, కత్తిపీట ఎలా తొక్కుతామో చూపించి, మొదటినుంచీ చెప్పాను. నేను అంతసేపు చెప్పింది, మా మాట వాళ్ల భాషలో చెప్పడానికి వచ్చిన మనిషి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది.

"షెడ్డు మన దేశానికి ఇచ్చేశారంట. మీ ఆఫీసు ఏం చేసుకున్నా వాళ్లకి అభ్యంతరం లేదంట," అన్నాడతను.

పరుగున ఆ మాట ఆఫీసుకు మోసుకెళ్లాను. నోటిమాట చెల్లదు, కాగితం రావాలన్నారు. కాగితం మీరు అడిగితే కదా వచ్చేది అన్నాను. అడిగేది మేం కాదు, పైవాళ్లు అన్నారు.

మా వీధి వెల్డింగు కుర్రాళ్లకు అది ఒక్క పూట పని. కోసేద్దామంటే కేసు పెడతారని మిగతావాళ్లకు భయం. మొన్న మళ్లీ వెళ్లాను. ఆఫీసరు మారాడు. ఈసారి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బాబూ, ఆల్లు మీదంటన్నారు, మీరు ఆల్లదంటన్నారు. ఆ బల్లల కాల్లు కొయ్యమని సెప్పాల్సినోల్లెవులు?"