కళ్లాపి దెబ్బ

మా ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా, భోజనాల్లో పెరుగు వడ్డించే వేళకి మా బావ తన గోల్ఫు కథ ఎత్తుకుంటాడు. ఉద్యోగం పోతే పోనీ, ఆటలో మోసం చెయ్యకూడదనుకుని తెగించి కొట్టానంటాడు. పక్క విస్తరివాళ్లు తినడం ఆపి మరీ మెచ్చుకుంటారు. మా అక్కేమో ఆ బంతి గుంతలో పడింది తాను అమ్మవారికి మొక్కుకున్న చీర వల్లేనంటుంది. ఈ రెండు కథల్లోనూ నా పాత్ర ఒక్కటే: గుమ్మడి వడియాలు నాశనం చేయించిన మరదలు. నేను రెండింటినీ ఒప్పుకోను. ఆ రోజు వెదురు కంచె పక్కన, టీ కప్పుల బల్ల వెనక నిలబడి చూసినదాన్ని నేను. కొట్టినవాడు బావే, కాదనను. కొట్టిన తీరు మాత్రం నాది.

అరవైల చివర్లో సంగతి. అప్పట్లో ఆడపిల్ల చదువు ఆమె మార్కుల మీద కన్నా ఎవరింట్లో ఉండి చదువుతోందన్న దాని మీద ఎక్కువ ఆధారపడేది. మాది ఆమదాలవలస దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబం. విజయనగరం కాలేజీలో నన్ను బి.ఏ.లో చేర్పించడానికి నాన్న ఒప్పుకున్నది, ఊరి శివారు గోనెసంచుల మిల్లులో బావకి ఉద్యోగం, ఉద్యోగంతో పాటు క్వార్టరు దొరికాయి కనుక. అక్క ఇంట్లో తింటాను, మిల్లు ముందు బస్సెక్కుతాను, సాయంత్రానికి దిగుతాను. అయితే బావ ఇంకా ప్రొబేషన్లో ఉన్న ఉద్యోగి. ఖాయం చేస్తే క్వార్టరు ఉంటుంది, లేకపోతే సామాను సర్దుకోవాలి. అప్పుడు నా సంగతేమిటని అడిగితే నాన్న రెండు ముక్కల్లో తేల్చేశాడు. "అల్లుడి ఉజ్జోగం నిలిస్తే సదువు. లేదంటే ఇంటికొచ్చీయాల."

ఖాయం చేసే అధికారం మేనేజరుది. కలకత్తా నుంచి వచ్చిన మనిషి. (మా అందరికన్నా ఒక చాయ నలుపే, అయినా మిల్లంతా ఆయన్ని దొర అనే పిలిచేది. ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్న తెల్లవాళ్ల పేరు ఆయనకీ అంటుకుంది.) కొత్త ఉద్యోగిని ఖాయం చేసే ముందు ఆయన అతనితో ఒక ఆదివారం గోల్ఫు ఆడేవాడు. మనిషి ఎలాంటివాడో ఫైళ్లలో కన్నా మైదానంలో బాగా తెలుస్తుందట. మా మిల్లు మైదానంలో పచ్చిక ఎక్కడిది? గుంత చుట్టూ ఇసుకలో పాత ఇంజిన్ నూనె కలిపి చదును చేసిన నల్లటి గుండ్రం ఉండేది. ఆఖరి గుంతకి ముందు అడ్డంగా ఒక మురుగు కాలువ, దానికో గట్టు.

బావ దూరపు దెబ్బలు బాగానే కొట్టేవాడు. పొలంలో పెరిగిన భుజాలు మరి. చిక్కంతా దగ్గరికొచ్చాకే. బంతిని కాస్త పైకి లేపి, కాలువ దాటించి, గుంత దగ్గర మెత్తగా దించడానికి వెడల్పు మొహమున్న పొట్టి కర్ర ఒకటుంది. దాన్ని వెడ్జి అంటారు, బావ గరిటె అనేవాడు. పేరు పెట్టినందుకు దాన్ని గరిటెలాగే వాడేవాడు కూడా. బంతి కిందకి పోనిచ్చి, మణికట్టు విరిచి, పులుసులో ముక్క తీసినట్టు పైకి లాగేవాడు. బంతి అయితే కాలువలో ములిగేది, లేదా గుండ్రం మీదుగా అవతలి తుప్పల్లోకి దూసుకుపోయేది.

అసలు బంతులు ఖరీదైనవి కనుక, గోగునార పురి చుట్టి ఉండలు చేసుకుని పెరట్లో సాధన మొదలుపెట్టాడు. అక్క చీరలారేసే తాడే మురుగు కాలువ గట్టు. తాడు అవతల పెట్టిన గంపే గుంత. ఆ గంప తప్ప పెరట్లో ఉన్నవన్నీ దెబ్బ తిన్నాయి. పక్కింటి కోడిపెట్ట మా వైపు రావడం మానేసింది. నులక మంచం మీద ఆరుతున్న వడియాల్లోకి వరసగా ఉండలు దిగిన రోజున అక్క ఆ కర్ర తీసుకుపోయి అటకెక్కించింది. బావ మెట్ల మీద కూర్చుని, తనకి ఈ ఆట రాదనీ, నన్ను ముందే పుస్తకాలు సర్దుకోమనీ అన్నాడు. ఆ మాట నాకు ఒళ్లు మండించింది. ఆయన ఓడిపోవడం ఆయన ఇష్టం, అందులోకి నా పుస్తకాలెందుకు?

మర్నాడు పొద్దున్న నేను వాకిట్లో పేడనీళ్లు చల్లుతుంటే బావ పళ్లు తోముకుంటూ మెట్ల మీద ఉన్నాడు. నా చెయ్యి నా కళ్లకే కనబడింది. కళ్లాపి చల్లేటప్పుడు చెయ్యి భుజం దగ్గర్నుంచి ఊగుతుంది, మణికట్టు మధ్యలో తల దూర్చదు. దూర్చిందంటే నీళ్లు కుప్పగా మన కాళ్ల మీదే పడతాయి. గుమ్మం ముందుకయితే చెయ్యి కొంచెం వెనక్కి, వీధి వారకయితే ఇంకాస్త వెనక్కి. విసురు అదే, ఊపే చిన్నదీ పెద్దదీ. నీళ్లని మనం పైకి లేపం, చెంబు మూతి లేపుతుంది. ఆ కర్ర మొహం ఏటవాలుగా చేసింది కూడా అందుకే కదా, బంతిని అది లేపుకోదా?

"ఏటి, పేడనీళ్లకీ గోల్ఫుకీ సమ్మందం పెడతన్నావా, లాయరమ్మా?" అన్నాడు బావ నోట్లో వేపపుల్లతోనే. (లాయరమ్మ నేనే. ఇంట్లో ఆ పేరు ఇప్పటికీ పోలేదు.)

సంబంధం ఉందో లేదో చల్లి చూడమన్నాను. మిల్లు ఆఫీసరు వాకిట్లో కళ్లాపి చల్లితే క్వార్టర్లన్నీ నవ్వుతాయన్నాడు. ఉద్యోగం ఊడితే నవ్వరా అన్నాను. మొదటి చెంబు ఆయన లుంగీనే తడిపింది. అయినా మానలేదు, అందుకు మెచ్చుకోవాలి. ఆ తరవాత రోజూ ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే బావ కళ్లాపి చల్లేవాడు, నేను గుమ్మంలో చరిత్ర పుస్తకం పట్టుకుని తప్పులు చెప్పేదాన్ని, అక్క మా ఇద్దర్నీ తిడుతూ ముగ్గేసేది. చెయ్యి కుదిరాక అటక మీంచి కర్ర దిగింది. ఉండలు తాడు దాటి గంపలో పడడం మొదలైంది. పక్కింటి కోడి కూడా తిరిగొచ్చింది.

ఆదివారం ఆట అనగా శనివారం సాయంత్రం ఆఫీసు పెద్ద గుమస్తా గారు వచ్చారు. మంచి మనిషి, కాఫీ తాగకుండా ఏ విషయమూ చెప్పరు. బావ పెరట్లో గంప నింపడం కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టారు.

"సూడు బాబూ, ఆడ్డం రావాల. గెలవడం రాకూడదు. దొర ఓడిన రోజు మిల్లులో ఎవులికీ మంచిది కాదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర మాకు కొత్త చిక్కు. ఇన్నాళ్లూ ఆట రాదని భయం, ఇప్పుడు వచ్చిందని భయం. చివరికి ఉపాయం చెప్పింది నేనే. ఆఖరి గుంత దాకా సమానంగా లాక్కురా, అక్కడ పాత గరిటె దెబ్బ కొట్టు, మణికట్టు విరువు, బంతి కాలువలో పడుతుంది, దొర గెలుస్తాడు. బావ తలూపాడు. "ఇరుస్తాను. అదేటి నాకు కొత్తా?" అన్నాడు.

సరిగ్గా అలాగే జరిగింది, ఆఖరి దెబ్బ వరకూ. దొర తన బంతి గుంతలో వేసేసి పక్కన నిలబడ్డాడు. బావ బంతి కాలువకి ఇవతల ఉంది. అక్కణ్ణుంచి ఒక్క దెబ్బకి గుంతలో పడితే బావ గెలుపు, రెండయితే సమానం, కాలువలో పడితే మా అందరి క్షేమం. పెద్ద గుమస్తా గారు కళ్లు మూసుకున్నారు. కంచె పక్కన నాతో నిలబడ్డ అక్క పెదాలు కదుపుతోంది. నేను మాత్రం బావ మణికట్టు వైపే చూస్తున్నాను.

అది వంగలేదు. చెయ్యి భుజం దగ్గర్నుంచి ఊగింది, వీధి వారకి చల్లేటంత వెనక్కి వెళ్లి వచ్చింది. బంతి కాలువ దాటి, నల్లటి ఇసుక మీద ఒక్కసారి గెంతి, జెండా కర్రకి తగిలి గుంతలో పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దొర కర్ర పక్కవాడి చేతికిచ్చి, టీ ముట్టకుండా వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి అక్క ఇత్తడి సామాను గోనెసంచుల్లో సర్దడం మొదలుపెట్టింది. (సంచులకి కొరత లేని ఇల్లు.) నేను కాలేజీకి వెళ్లొస్తూనే ఉన్నాను, బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఇదే ఆఖరిసారేమో అనుకుంటూ. అడిగితే బావ చెయ్యి జారిందనేవాడు. తెగింపు అన్న మాట అప్పుడు ఆయన నోట్లో ఎక్కడా లేదు. అది చాలా ఏళ్ల తరవాత పుట్టింది.

ఆ వారంలోనే ఒక పొద్దున్న నేను వాకిలి చల్లుతుంటే దొర జీపు మా ఇంటి ముందు ఆగింది. ఆయన దిగి, లుంగీలో ఉన్న బావని, ఆ దెబ్బ ఎవరు నేర్పారని ఇంగ్లీషులో అడిగాడు. బావ వేలు నా వైపు చూపించాడు. (పెళ్లి భోజనాల కథలో ఈ వేలు ఎప్పుడూ రాదు.) నాకు కాలేజీ ఇంగ్లీషు ఉందిగానీ, అందులో పేడకి తప్ప దేనికీ మాట గుర్తు రాలేదు. చెంబు ఆయన చేతికిచ్చాను. మొదటి విసురుకి ఆయన బూట్లు తడిశాయి. మణికట్టు కదపకండి సార్ అని తెలుగులోనే చెప్పాను. ఆయనకి అర్థమైనట్టే ఉంది. ఆ చలికాలమంతా దొర బంగళా వరండా ముందు రోజూ తడిగా ఉండేదని, దొరకి ఏదో సోకిందని తోటమాలి ఊరంతా చెప్పుకు తిరిగాడు. సంక్రాంతి లోపలే బావని ఖాయం చేశారు. అక్క సంచులు విప్పింది. నేను బి.ఏ. పూర్తి చేశాను.

ఇప్పుడు బావ రిటైరై విజయనగరంలోనే ఉంటున్నాడు. మోకాళ్ల నొప్పులు, కర్ర లేనిదే నడవడు. మొన్న వెళ్లినప్పుడు డాబా మీద కుండీలకి మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు. వంగలేక దూరం నుంచే విసురుతున్నాడు, ఒక్క చుక్క పక్కన పడకుండా. నేను మెట్ల దగ్గరే ఆగి ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ల వయసులో గుమ్మంలో నిలబడి ఆ చేతిని అంతలా సతాయించిన పిల్లని తలుచుకుంటే నవ్వొచ్చింది. అప్పటికి దానికి తెలిసిన ప్రపంచమంతా ఒక బస్సు టిక్కెట్టంత. దాన్ని ఎవరూ లాక్కోకూడదని దాని గొడవ.

ఆ నవ్వు మీదే ఆ ఆఖరి దెబ్బ సంగతి మళ్లీ అడిగాను. "ఏటే లాయరమ్మా, ఇంకా కేసు మూసీలేదా?" అని టీ తెమ్మన్నాడు. కనుక ఇక్కడే, అందరి ముందూ అడుగుతున్నాను. విరుస్తానని శనివారం రాత్రి మాటిచ్చావు బావా. విరవాలని చూసినా నేను నేర్పిన చెయ్యి నీ మాట వినలేదా, లేక ఆ ఒక్క క్షణం నా చదువు కూడా పోతే పోనీ అనుకున్నావా?