కంచం మీద అడ్డం పెట్టిన చెయ్యి

పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. నొప్పి పోయింది కానీ తిన్న ప్రతిసారీ బాత్రూమ్‌కి పరుగు మొదలైంది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ చెప్పే మనిషిని నేను. పాఠం సగంలో మార్కర్ పడేసి పరుగెత్తే మాస్టారి దగ్గర ఎవరు చేరతారు?

"అన్నా, జర వచ్చే డెమో క్లాసుల మధ్యల లేవకు. మళ్ల గట్లనే అయితే బ్యాచ్ వేరేటోళ్లకు ఇయ్యాల్సి వస్తది" అన్నాడు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆయన.

సలహాలకు కొదవ లేదు. ఒకరు గ్యాసన్నారు, ఒకరు వేడి చేసిందన్నారు. సాయానికని కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు నీరసమని తేల్చి, అన్నంలో నెయ్యి పెంచారు. చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, మా వైపు అల్లుడికి అది మొహమాటం కింద లెక్క. వేళ్ల సందుల్లోంచి ఇంకో గరిటె పోసేవారు.

చివరికి పంజాగుట్టలో ఒక కడుపు డాక్టరు అసలు సంగతి చెప్పాడు. "నిలవుంచే సంచి లేదు కాబట్టి పైత్యరసం పేగుల్లోకి కారుతూనే ఉంటుంది. చిన్నపేగు మళ్లీ పీల్చుకోగా మిగిలింది పెద్దపేగులోకి దిగి మిమ్మల్ని పరుగెత్తిస్తోంది. కొవ్వు తింటే ఇంకా ఎక్కువ." ఆ రసాన్ని పట్టి ఉంచే పొడి రాసిచ్చి, నీళ్లలో కలుపుకోమన్నాడు. మిగతా మాత్రలు దాంతోపాటు వేసుకోవద్దన్నాడు. ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరూ చెప్పనందుకు ఒళ్లు మండింది.

ఇంట్లో అంతా విడమరిచి చెప్పాను. "అయ్యో, అలాగే బాబూ" అన్నారు అత్తగారు. నెయ్యి గిన్నె అటక ఎక్కింది. పొడితో నాకూ తెరిపిచ్చింది.

డెమో రోజు పొద్దున గిన్నె మళ్లీ దిగింది. చెయ్యి అడ్డం పెట్టాను. కాచిన నెయ్యి చేతిమీద చుర్రుమంది.

"ఏంటి బాబూ, ఇవాళ కూడా మొహమాటమేనా? అంతసేపు నిలబడొద్దూ?"

"అత్తయ్యగారూ, ఈ నెయ్యితోనే నా ఉద్యోగం పోతుంది!" అని అరిచాను. కంచం పట్టుకుని వంటింట్లోకి పోయి నేనే పెట్టుకున్నాను. అత్తగారుండగా అల్లుడు వడ్డించుకోవడం మావాళ్లలో ఎంత అవమానమో తెలుసు. ఆవిడ కళ్లొత్తుకోవడం చూసి బాధేసింది. అయినా వట్టి చారన్నమే తిని బయల్దేరాను.

డెమో అయ్యేదాకా బోర్డు దగ్గర నుంచి కదల్లేదు. బ్యాచ్ నాకే ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నే చెప్పలా? ఇన్నాళ్లు పోసిన నెయ్యి ఇప్పటికి ఒంటికి పట్టింది" అంటూ గిన్నె అందుకున్నారు.